ఆని: సామ్రాజ్యాన్ని ప్రేమించిన నగరం

టర్కీ తూర్పు కొసన ఉన్న కార్స్ పట్టణం నుంచి 45 కిలోమీటర్లు వెళ్తే ఒజక్లీ అనే పల్లె తగులుతుంది. పశువులు, గడ్డివాములు, నాలుగు వీధులు. పల్లెను ఆనుకునే ఒక కోటగోడ లేస్తుంది. దాని వెనకే మరొకటి. సింహం బొమ్మ చెక్కిన వాకిలి దాటి లోపలికి వెళ్తే ఊరు కనిపించదు. గడ్డి నేల, అందులో ఎడంఎడంగా నిలిచిన ఎర్రరాతి చర్చిలు, ఒక మసీదు, కూలిన ఇళ్ల పునాదులు. ఉన్నట్టుండి నేల తెగిపోయి లోయలోకి దిగుతుంది. అడుగున అఖూరియన్ నది. అవతలి గట్టు ఆర్మీనియా. ఈ సరిహద్దును 1993లో మూసేశారు. అప్పటి నుంచి ఆని నగరాన్ని కట్టినవాళ్ల వారసులు చాలామంది దాన్ని నది అవతల నిలబడే చూస్తున్నారు.

ఆని పేరు మన పాఠకుల్లో విన్నవాళ్లు తక్కువే. సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్లకు మాత్రం తమకు తెలియకుండానే ఈ ఊరితో పరిచయం ఉంది. 2019లో వచ్చి, మరుసటి ఏడు హ్యూగో అవార్డు గెలుచుకున్న 'ఎ మెమరీ కాల్డ్ ఎంపైర్' అనే అంతరిక్ష నవలను రచయిత్రి అంకితమిచ్చిన వాళ్లలో ఇద్దరు చారిత్రక వ్యక్తులున్నారు: గ్రిగోర్ పహ్లవునీ, పెత్రోస్ గెతదార్జ్. ఇద్దరూ పదకొండో శతాబ్దపు ఆర్మీనియన్లు, ఆనిలో పలుకుబడి ఉన్నవాళ్లు. ఆనిని మింగిన సామ్రాజ్యం నీడలోనే ఇద్దరూ కన్నుమూశారు. పరాయి నాగరికత మీద మనసు పారేసుకుని, అదే తమవాళ్లను కబళిస్తుంటే చూసినవాళ్లందరినీ రచయిత్రి ఆ ఇద్దరి పక్కనే తలుచుకుంది.

ఆమె ఆర్కడీ మార్టీన్. అది కలం పేరు, అసలు పేరు అన్నాలిండెన్ వెల్లర్. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో బైజాంటిన్ చరిత్ర మీద డాక్టరేట్ చేసింది. రాజధానికి దూరంగా, సరిహద్దుల్లో కొలువు చేసిన సామ్రాజ్య అధికారులు రాసుకున్న ఉత్తరాలు ఆమె పరిశోధనాంశం. అలాంటి ఉత్తరాలు చదివిన మనిషి అంతరిక్ష నవల రాస్తే అందులో ఓడల యుద్ధాల కంటే విందులు, కవిగోష్ఠులు, మర్యాదల మాటున దాచిన బెదిరింపులు ఎక్కువుంటాయి. ఉన్నాయి కూడా.

అంతరిక్షంలో చక్రవర్తుల కథలు కొత్తవి కావు. వాటిని స్పేస్ ఒపేరా అంటారు. అసిమోవ్ 'ఫౌండేషన్' కథలకు గిబ్బన్ రాసిన రోమ్ పతన చరిత్రే ఊపిరి. 'డ్యూన్', 'స్టార్ వార్స్' సరేసరి. వీటిలో చాలావాటికి సింహాసనం నడిమధ్యన ఉంటుంది. దాన్ని ఎక్కేవాడిదో కూలదోసేవాడిదో కథ. మార్టీన్ కుర్చీని పక్కకు జరిపి, గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని ముందుకు తెచ్చింది. ఆ మనిషి మహిత్ జ్మారే. ల్సెల్ అనే అంతరిక్ష కేంద్రం ఆమె దేశం. జనాభా అటూ ఇటూగా 30,000, అంటే మన లెక్కలో ఒక చిన్న మున్సిపాలిటీ. పక్కనే తెయిక్స్‌కలాన్ అనే మహా సామ్రాజ్యం, ఒక గ్రహమంతా ఒకే నగరంగా పరుచుకున్న దాని రాజధాని. మహిత్ అక్కడికి రాయబారిగా వెళ్తుంది. తన కేంద్రాన్ని ఆ సామ్రాజ్యం కలుపుకోకుండా చూడటం ఆమె పని. చిక్కేమిటంటే, చిన్నప్పటి నుంచీ ఆమె చదివిందీ కలగన్నదీ ఆ సామ్రాజ్యపు కవిత్వాన్నే. అక్కడి ఛందస్సు, అక్కడి చమత్కారం, అక్కడి మర్యాద ఆమెకు కంఠతా. ఎంత బాగా మాట్లాడినా రాజధానివాళ్ల కంటికి ఆమె చదువుకున్న అనాగరికురాలే. ఇంగ్లీషు నవలలతో పెరిగి, తెలుగులో నాలుగు పేజీల ఉత్తరం రాయాలంటే తడుముకునే తరానికి మహిత్‌ను ప్రత్యేకంగా పరిచయం చేయనక్కర్లేదు.

ఈ మహిత్ పుట్టింది ఆని రాళ్లలోనే అంటాను.

961లో బగ్రాతునీ వంశపు రాజు మూడో అషోత్ తన రాజధానిని కార్స్ నుంచి ఇక్కడికి మార్చాడు. రెండు పక్కలా లోయలు, ఉత్తరాన మాత్రమే చదును నేల. ఆ ఉత్తరం వైపున ఆయన కొడుకు రెండో స్మ్బాత్ జంట గోడ లేపాడు. పట్టు దారిలో సరుకు ఈ ఊరి మీదుగా సాగేది. నదిపై ఆనాటి వంతెన మొండి స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. మంచి రోజుల్లో ఇక్కడ లక్ష మంది ఉండేవారంటారు. వెయ్యిన్నొక్క చర్చిల నగరమని పేరు. ఆ లెక్క ఎవరూ సరిచూడలేదు గానీ, ఊరి గొప్ప చెప్పుకునేటప్పుడు ఏ ఊరివాళ్లు మాత్రం సరిచూస్తారు!

బగ్రాతునీలది పెద్ద రాజ్యం కాదు. పడమట కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా బైజాంటియం సామ్రాజ్యం, దక్షిణాన అరబ్బు ఖలీఫాలు. వంశంలో మొదటి రాజైన అషోత్‌కు 885 ప్రాంతంలో కిరీటం ఇటు ఖలీఫా నుంచీ, అటు చక్రవర్తి నుంచీ వచ్చింది. ఇద్దరిలో ఎవరినీ కాదనలేని ఇరకాటం. దానికి గొప్ప రుజువు 1906లో ఆని తవ్వకాల్లో దొరికింది: మొదటి గాగిక్ రాజు నిలువెత్తు విగ్రహం. రెండు చేతులా చర్చి నమూనా పట్టుకుని నిలబడ్డాడు, అంటే క్రైస్తవ రాజు. తలపైన మాత్రం పెద్ద పాగా, ఒంటి మీద బాగ్దాద్ దర్బారు తరహా అంగీ. విగ్రహం మొదటి ప్రపంచయుద్ధం నాటి గందరగోళంలో పోయింది. ఫొటోలు, ఎర్జురూమ్ మ్యూజియంలో ఒక ముక్క మిగిలాయి. పాత ఫొటోలో ఆ పాగాను చూస్తే ఎవరో బలవంతాన చుట్టినట్టు అనిపించదు. రాజన్నవాడు ఇలాగే ఉండాలని గాగిక్ మనస్ఫూర్తిగా నమ్మినట్టుంటుంది.

పడమటి సామ్రాజ్యం మీద మోజు ఇంకా లోతైనది. అందరూ క్రైస్తవులే కావడం, మతంలో తేడాలున్నా దేవుడు ఒకడే కావడం అందుకు కొంత కారణం. 1035 ప్రాంతంలో అబ్లఘరీబ్ పహ్లవునీ అనే ప్రభువు రాయబారిగా కాన్‌స్టాంటినోపుల్ వెళ్లి, క్రీస్తు శిలువ ముక్కగా భావించే పవిత్ర శకలాన్ని తెచ్చుకున్నాడు. దాన్ని ఉంచడానికే రక్షకుని చర్చి కట్టించాడు. బయటికి పంతొమ్మిది ముఖాలు, లోపల ఎనిమిది గూళ్లు. 1957లో అది నిలువునా సగానికి సగం కూలిపోయింది. మిగిలిన సగం ఇప్పుడు పొట్ట కోసి చూపినట్టు నిలబడి ఉంటుంది, పర్యాటకుల కెమెరాలు ముందుగా దానివైపే తిరుగుతాయి.

ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కవైపే సాగలేదు. ఆని ప్రధాన ఆలయాన్ని కట్టిన త్రదాత్ అనే వాస్తుశిల్పి సంగతి చూడండి. 989లో ఆలయం పని మొదలైంది. అదే ఏడు భూకంపం వచ్చి కాన్‌స్టాంటినోపుల్లోని హాగియా సోఫియా గుమ్మటం కొంత కూలింది. దాన్ని బాగుచేయడానికి త్రదాత్‌నే పిలిచారు. ప్రపంచంలోకెల్లా గొప్ప గుమ్మటమని సామ్రాజ్యం గర్వపడే కట్టడాన్ని సరిహద్దు నుంచి వచ్చిన మేస్త్రీ నిలబెట్టాడు. ఆయన తిరిగొచ్చాక 1001లో, గాగిక్ భార్య కత్రనిదె రాణి పూనికతో ఆని ఆలయం పూర్తయింది. సన్నటి స్తంభాల గుత్తులు, కోసుగా లేచే తోరణాలు చూసి, ఐరోపా గోతిక్ ఆలయాలకు రెండు వందల ఏళ్ల ముందే ఇది ఎలా సాధ్యమైందని నిపుణులు తర్కించుకుంటూనే ఉన్నారు. మరో భూకంపంలో, 1319లో, ఆని ఆలయ గుమ్మటమే కూలింది. హాగియా సోఫియాలో త్రదాత్ చేసిన పనిలో పెద్ద భాగం నేటికీ తలపైనే ఉంది.

ఇక అసలు కథ. గాగిక్ చనిపోయాక కొడుకులు హొవ్హన్నెస్-స్మ్బాత్, అషోత్ పోట్లాడుకున్నారు. రాజ్యం పెద్దవాడికి దక్కింది. చక్రవర్తి రెండో బాసిల్ జార్జియా రాజుపై దండెత్తితే, హొవ్హన్నెస్ జార్జియావైపు మొగ్గాడు. బాసిల్ గెలిచాడు. ఇప్పుడేం చేయాలి? 1022 చలికాలంలో, నల్లసముద్రం ఒడ్డున ట్రెబిజాండ్‌లో విడిది చేసిన బాసిల్ దగ్గరికి హొవ్హన్నెస్ ఒక వీలునామా పంపాడు: తాను బతికున్నంతకాలం రాజ్యం తనది, తదనంతరం ఆని చక్రవర్తిది. దాన్ని మోసుకెళ్లింది ఆర్మీనియన్ చర్చికి అధిపతి, కాథొలికోస్ పెత్రోస్. అక్కడ జలాలను ఆశీర్వదించే పండుగనాడు ఆయన మంత్రించగా నది ప్రవాహం కాసేపు వెనక్కి తిరిగిందని కథ. గెతదార్జ్, అంటే నదిని తిప్పినవాడు అన్న బిరుదు ఆయనకు అలా వచ్చింది. నదిని తిప్పగలిగిన మనిషి తన చేతిలోని కాగితాన్ని మాత్రం తిప్పి తేలేకపోయాడు.

సుమారు ఇరవై ఏళ్లు గడువు దొరికింది. హొవ్హన్నెస్ పోయాక కాన్‌స్టాంటినోపుల్ వీలునామా బయటికి తీసింది. ఆని ప్రభువుల్లో ఒక వర్గం, వాహ్రమ్ పహ్లవునీ నాయకత్వంలో, ఒప్పుకోలేదు. 1042లో అషోత్ కొడుకు రెండో గాగిక్‌ను, ఇంకా కుర్రవాణ్ని, సింహాసనంపై కూర్చోబెట్టి వచ్చిన సైన్యాలను తిప్పికొట్టారు. కత్తి పనిచేయని చోట చక్రవర్తి తొమ్మిదో కాన్‌స్టాంటైన్ మర్యాదను వాడాడు. ప్రమాణాలు చేసి గాగిక్‌ను రాజధానికి పిలిపించాడు. వెళ్లినవాణ్ని తిరిగి రానివ్వలేదు. ఈలోగా ఇక్కడ పెత్రోస్, మరికొందరు ప్రభువులు కలిసి నగరం తాళంచెవులు చక్రవర్తికి పంపారు. వాటిని కళ్లెదుట చూశాక గాగిక్ 1045లో రాజ్యం వదులుకున్నాడు. ప్రతిగా కప్పదోకియాలో జాగీరు ఇచ్చారు.

పెత్రోస్‌ను ద్రోహి అనేయడం తేలిక, ఆర్మీనియన్ చరిత్రకారులు చాలామంది అన్నారు కూడా. వాళ్ల కోపం న్యాయమే. కానీ నాకు ఆ మాటతో పని తీరినట్టు అనిపించదు. ఇరవై ఏళ్ల గడువు సంపాదించి పెట్టినదీ ఆయనే, ఆ గడువు తీరగానే తలుపు తీసినదీ ఆయనే. భయమెంత, లెక్కెంత, రాజధాని మీద భక్తి ఎంత? ఆయనకైనా తెలుసా? అంత చేసినా సామ్రాజ్యం ఆయన్ను ఆనిలో ఉండనివ్వలేదు. నగరం చేతికొచ్చిన కొన్నాళ్లకు కాన్‌స్టాంటినోపుల్‌కు రప్పించి, గౌరవంగా, ఏళ్ల తరబడి అక్కడే ఉంచింది. చివరికి సెబాస్తియాలో, సొంత పీఠానికి దూరంగా పోయాడు.

గ్రిగోర్ సంగతి వేరు. అతను వాహ్రమ్ అన్న కొడుకు. పండితుడు, గ్రీకు నుంచి ప్లేటోను ఆర్మీనియన్‌లోకి తెచ్చినవాడు, యూక్లిడ్ జ్యామితిని కొంత అనువదించినవాడు. ఖురాన్ శైలిని మెచ్చుకున్న ఒక అరబ్బు మిత్రుడితో పందెం వేసి, బైబిల్ కథనంతా ఒకే అంత్యప్రాసతో వెయ్యికి పైగా పాదాల్లో కట్టాడట! ఆని పోయాక తన జాగీర్లను చక్రవర్తికి రాసిచ్చి, బదులుగా మేజిస్త్రోస్ అనే బిరుదు, సరిహద్దు రాష్ట్రాల్లో గవర్నరు పదవులు పుచ్చుకున్నాడు. చరిత్రలో అతని పేరు గ్రిగోర్ మేజిస్త్రోస్‌గానే నిలిచింది. అతని ఉత్తరాలు దొరుకుతున్నాయి. ఆర్మీనియన్‌లోనే రాశాడు, కానీ గ్రీకు పదాలు, గ్రీకు పురాణ పాత్రలు, గ్రీకు వాక్యపు మెలికలు నింపి ఎంత జటిలం చేశాడంటే, వాటిని విప్పడం పండితులకు నేటికీ పరీక్షే. సామ్రాజ్యం అతని చేత గ్రీకులో రాయించలేదు. అతను తన భాషకే గ్రీకు కోటు తొడిగాడు. మహిత్ రాజధాని ఛందస్సులో కవిత్వం కట్టి మెప్పు పొందాలని తపించే పేజీలు చదువుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ ఉత్తరాలే.

చివరిదాకా ఎదిరించిన వాహ్రమ్ కూడా ఆని పడిపోయాక సామ్రాజ్య సైన్యంలోనే కలిసి, ద్విన్ నగరం మీదికి వెళ్లిన దండులో పోరాడుతూ ప్రాణం వదిలాడు.

ఆలయం గోడ మీద ఒక శాసనం ఉంది. 1050ల నడుమ ఆనికి గవర్నరుగా వచ్చిన ఆరోన్ వేయించినది. కోటగోడలు గట్టిపరిచానని, ఊరికి నీళ్లు తెప్పించానని, థియొడోరా రాణి నుంచి పన్నుల సడలింపు సాధించానని ఆర్మీనియన్ భాషలో చెక్కించాడు. ఈ ఆరోన్ ఎవరు? బల్గేరియా చివరి రాజవంశపు బిడ్డ. 1018లో బాసిల్ బల్గేరియాను కలిపేసుకున్నాక ఆ రాకుమారులకు బిరుదులు, ఉద్యోగాలు దొరికాయి. తన ఊరు పోగొట్టుకున్న మనిషి మరొక పోయిన ఊరిని ఏలడానికి వచ్చి, ఆ ఊరి భాషలో సంతోషంగా శాసనం వేయించాడు. నవలాకారులు ఇంత ధైర్యం చేయరు, అతిగా ఉందంటారని భయం.

అన్నట్టు, నవలలో నాకు లోటుగా తోచినది ఇక్కడే. తెయిక్స్‌కలాన్ రాజధానిలో మనం తిరిగేదంతా రాయబారులు, మంత్రులు, కవులు, ఉన్నతోద్యోగుల మధ్యనే. వీధుల్లో అలజడి కనిపిస్తుంది గానీ, ఆ వీధుల్లో బతికేవాళ్ల పన్నులు, నీళ్లు, పొయ్యి కనిపించవు. ఆనిలో పడమటి లోయ దిగితే కొండరాతిని తొలిచి చేసుకున్న వందలాది గుహలున్నాయి. ఇళ్లు, పశువుల కొట్టాలు, పావురాల గూళ్లు, చిన్న ప్రార్థన గదులు. కింద లోయలో ఉన్నవాళ్లకు చక్రవర్తి కంటే ఆ పన్నుల సడలింపే ముఖ్యమై ఉంటుంది.

సామ్రాజ్యం ఆనిని తీసుకుంది, నిలుపుకోలేదు. అదే కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తూర్పు సరిహద్దులో స్థానికంగా సైన్యాన్ని పోషించే ఏర్పాటును రద్దు చేసి, దాన్ని పన్నుగా మార్చాడు. ఖజానాకు డబ్బు చేరింది, గోడల మీద మనుషులు తగ్గారు. 1064లో సెల్జుక్ సుల్తాన్ ఆల్ప్ అర్‌స్లాన్ ముట్టడించి నగరాన్ని పట్టుకున్నాడు. తర్వాత కుర్దు షద్దాదీలు, జార్జియా రాణి తమార్ పంపిన సేనానులు, మంగోలులు వరసగా వచ్చారు. దారులు మారాయి, వర్తకం పోయింది, జనం పోయారు.

నవలలో పెత్రోస్ పాత్ర మహిత్‌ది కాదు, ఆమెకు ముందు రాయబారిగా ఉన్న యస్కందర్‌ది అని నా చదువు. ల్సెల్ వాళ్లకు ఒక రహస్య విద్య ఉంది: చనిపోయినవారి జ్ఞాపకాలను, స్వభావాన్ని ఒక చిన్న యంత్రంలో భద్రపరిచి వారసుల మెదడులో అమర్చడం. అంత చిన్న సమాజం తన అనుభవాన్ని పోగొట్టుకోకుండా కనిపెట్టిన దారి. మహిత్ తలలో యస్కందర్ ఉన్నాడు, కాకపోతే పదిహేనేళ్ల కిందటి యస్కందర్. ఆ పదిహేనేళ్లలో అతను రాజధానిని, అక్కడి మనుషులను ఎంత గాఢంగా ప్రేమించాడో, తన దేశానికి గడువు కొనడానికి ఏం మాటిచ్చాడో అతని ప్రతిరూపానికే తెలియదు. మిగతాది చెబితే చదివే సరదా పోతుంది. హొవ్హన్నెస్ వీలునామా గుర్తుపెట్టుకుని చదివితే ఆ బేరం ఇంకా పదునుగా తగులుతుంది.

తెయిక్స్‌కలాన్‌ను బైజాంటియంకు నకలు అనుకోవద్దు. త్రీ సీగ్రాస్, నైన్‌టీన్ అడ్జ్ లాంటి పేర్లలో అంకె పక్కన వస్తువును పెట్టే పద్ధతి పాత మెక్సికో జాతుల పేర్లను తలపిస్తుంది. దేవతలకు రక్తం అర్పించే ఆచారమూ అటువైపుదే. మెక్సికా (అజ్టెక్) దర్బారుకు బైజాంటిన్ కుట్రలు జోడించి, సొగసైన సామ్రాజ్యాన్ని అల్లింది రచయిత్రి. సొగసు అని ఊరకే అనలేదు. పాఠకుడు కూడా మహిత్‌తో పాటు ఆ నగరంపై మోజుపడాలి, లేకపోతే కథ నిలబడదు. క్రూరమైన సామ్రాజ్యాలను అసహ్యంగా చూపే నవలలు బోలెడు. ఈ నవల ఆ సుఖం మనకివ్వదు.

ఆర్మీనియన్ల కథలో మన పక్కనే జరిగిన అధ్యాయం ఒకటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో మద్రాసులో ఆర్మీనియన్ వర్తకుల చిన్న సమాజం ఉండేది. వాళ్ల పేరుతో ఆర్మీనియన్ వీధి, 1772లో కట్టిన చర్చి ఇప్పటికీ ఉన్నాయి. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మీనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో వెలువడింది అక్కడే. అప్పటికి మన ఉత్తర సర్కారు జిల్లాలనూ ఈస్టిండియా కంపెనీ మద్రాసు నుంచే ఏలుతోంది. ఆ మద్రాసులోనే షహమీరియన్ అనే ఆర్మీనియన్ కుటుంబం, ఇంకా లేని ఆర్మీనియా దేశానికి రాజ్యాంగం రాసి అచ్చువేసింది. ఒక సామ్రాజ్యం నౌకాశ్రయంలో వ్యాపారం చేసుకుంటూ, మరో రెండు సామ్రాజ్యాల మధ్య నలుగుతున్న సొంత నేలకు పార్లమెంటును ఊహించారు!

ఆని మళ్లీ లోకం కంటపడింది మరో సామ్రాజ్యం చేతుల్లోనే. 1878లో కార్స్ ప్రాంతం రష్యాకు దక్కింది. 1892లో మొదలుపెట్టి, మధ్యలో ఆపి, 1904 నుంచి 1917 దాకా నికొలాయ్ మార్ అనే పండితుడు ఇక్కడ తవ్వకాలు జరిపాడు. పాగా గాగిక్ దొరికింది ఆ తవ్వకాల్లోనే. తర్వాత ప్రాంతం టర్కీది అయింది, ప్రచ్ఛన్నయుద్ధంలో ఇక్కడే నాటో, సోవియట్ సరిహద్దు. అనుమతి కాగితం లేకుండా రానిచ్చేవారు కాదు, ఫొటోలు నిషేధం. 2010 అక్టోబరులో టర్కీ జాతీయవాద నాయకుడు దెవ్‌లెత్ బహ్‌చెలీ అనుచరులతో వచ్చి ప్రధాన ఆలయంలో శుక్రవారం నమాజు చేశాడు. 1064లో ఆల్ప్ అర్‌స్లాన్ దాన్ని మసీదుగా మార్చాడన్నది దానికి ఆధారం. త్రదాత్ కట్టడంలో ఇంకొకరు తమ సామ్రాజ్యపు జ్ఞాపకాన్ని వెతుక్కున్నారు. 2016లో యునెస్కో ఆనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వెళ్లాలనుకుంటే మే నుంచి సెప్టెంబరు దాకా అనుకూలం. చలికాలంలో ఈ పీఠభూమి మీద మంచు పేరుకుపోతుంది, గాలి కోసేస్తుంది. నీడనిచ్చే చెట్టు ఉండదు కాబట్టి వేసవిలో టోపీ, నీళ్లు తప్పనిసరి. ఊరంతా తిరగడానికి సగం రోజు కావాలి. ప్రధాన ఆలయం తర్వాత, 1215లో తిగ్రాన్ హొనెంత్స్ అనే వర్తకుడు కట్టించిన సెయింట్ గ్రిగోర్ చర్చిని వదలొద్దు, లోపలి గోడల నిండా రంగుల చిత్రాలున్నాయి. ఇస్తాంబుల్ నుంచి కార్స్‌కు విమానాలున్నాయి. నేనైతే అంకారా నుంచి రైలే మేలంటాను. ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, నవల పూర్తి చేయడానికి ఆ సమయం సరిపోతుంది.